మెకానిక్ ముందు మాత్రం స్టార్టయ్యే కారు

పాత కారు పూర్తిగా మొరాయిస్తే పెద్ద చిక్కేమీ లేదు. షెడ్డుకు లాగించుకుపోతే సాయంత్రానికి కారణం బయటపడుతుంది. అసలు చిక్కంతా అప్పుడప్పుడు మాత్రమే మొరాయించే కారుతోనే. పొద్దున తాళం తిప్పగానే అందుకుంటుంది. పెట్రోలు బంకులో ఆపి మళ్లీ తిప్పితే ఉలకదు, పలకదు. పావుగంట పోయాక ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే పదిసార్లు తిప్పినా పదిసార్లూ బుద్ధిగా అందుకుంటుంది. "బ్యాటరీ మార్చి చూద్దాం సార్" అంటాడాయన. తర్వాత సెల్ఫ్ మోటారు, తర్వాత కాయిలు, తర్వాత పెట్రోలు పంపు. బిల్లులు పేరుకుంటాయి, రోగం మాత్రం అలాగే ఉంటుంది.

మన ఊళ్లలో పాత కారంటే ఇప్పుడు అంబాసిడరో పద్మినో కాదు. పద్మిని ఈ శతాబ్దం మొదట్లోనే వెళ్లిపోయింది. అంబాసిడర్, మారుతి 800 రెండింటి తయారీ 2014లో ఆగింది. ఇవాళ షెడ్లకు వచ్చేవి చాలావరకు 2000 తర్వాత కొన్న ఆల్టోలు, శాంట్రోలు, జెన్‌లు, వ్యాగన్ ఆర్‌లు, ఇండికాలు. పదిహేనేళ్లు నిండి, ఆర్‌సీని మరో ఐదేళ్లకు పొడిగించుకున్నవి. పూర్తిగా చేతి విద్యకూ లొంగవు, పూర్తిగా కంప్యూటరుకూ చిక్కవు. వీటి మీద వాడుకలో ఉన్న పద్ధతులు నాలుగు: అనుభవంతో చెప్పడం, పార్టు మార్చి చూడటం, మీటరు పెట్టి కొలవడం, స్కానరు తగిలించడం. ఈ నాలుగూ ప్రధానంగా ఎప్పుడూ ఉండే రోగాలకు పుట్టిన పద్ధతులే. వచ్చిపోయే రోగానికి సాక్ష్యం అది వచ్చిన ఆ రెండు నిమిషాల్లోనే ఉంటుంది. ఆ నిమిషాలను పట్టుకోని పద్ధతి ఎంత ఖరీదైనదైనా చివరికి ఊహే.

కార్లకు ఎలక్ట్రిక్ సెల్ఫ్‌ను తెచ్చినవాడు అమెరికన్ ఇంజినీరు చార్లెస్ కెట్టరింగ్. 1912 కాడిలాక్ కార్లలో అది వచ్చింది. అంతకు కొద్దికాలం ముందే బ్యాటరీ, కాయిలు, పాయింట్లతో నిప్పు పుట్టించే ఇగ్నిషన్‌ను కూడా ఆయనే తయారు చేశాడు. ఇప్పటికీ స్టార్టు కాని కారు ముందు నిలబడి మొదట అడగాల్సిన ప్రశ్న ఆ రెండు ఆవిష్కరణల మధ్యనే ఉంది: సెల్ఫ్ తిరగడం లేదా, తిరుగుతున్నా ఇంజను అందుకోవడం లేదా? ఈ రెండూ పూర్తిగా వేరు రోగాలు. విచిత్రం ఏమిటంటే చాలామంది యజమానులు షెడ్డుకు వచ్చి "స్టార్టు కావట్లేదు" అన్న ఒక్కమాటతో సరిపెడతారు. మెకానిక్ కూడా అక్కడితో ఊరుకుంటే సగం దర్యాప్తు అక్కడే పాడైనట్టు.

సెల్ఫ్ తిరగకపోవడంలోనూ తేడాలున్నాయి. తాళం తిప్పితే టకటకటకమని వరసగా కొట్టుకుంటే కరెంటు చాలడం లేదు: బ్యాటరీ దిగిపోయింది, లేదా దాని టెర్మినళ్లు వదులయ్యాయి. ఒక్కసారి గట్టిగా టక్కుమని ఆగిపోతే సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే సోలినాయిడ్ పనిచేసింది, కానీ లోపలి రాగి కాంటాక్టులు కాలిపోయి మోటారుకు కరెంటు అందలేదు, లేదా కార్బన్ బ్రష్షులు అరిగిపోయాయి. ఆ మోటారును స్పానరుతో రెండు దెబ్బలు కొడితే తిరగడం అందరికీ తెలిసిన విద్యే. కొడితే తిరిగిందంటే మోటారు విప్పాల్సిన సమయం వచ్చిందని అర్థం, బాగుపడిందని కాదు. అసలు చప్పుడే లేకపోతే సోలినాయిడ్‌కు ఆజ్ఞే చేరలేదు. తాళం స్విచ్చి, రిలే, మధ్యలోని సన్న వైరు, ఆటోమేటిక్ గేరు కారైతే న్యూట్రల్ స్విచ్చి, వీటిలో ఒకటి దోషి. ఆటోమేటిక్‌ను పార్కింగ్‌లో కాకుండా న్యూట్రల్‌లో పెట్టి తిప్పి చూడటం పైసా ఖర్చు లేని పరీక్ష.

ఇక్కడ అనుభవం బాగా పనికొస్తుంది. ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు పనిచేసిన ఎలక్ట్రీషియన్ చప్పుడు విని చెప్పేది చాలాసార్లు నిజమవుతుంది. కానీ ఆయన ఆ చప్పుడు వినాలి కదా! రోగం వచ్చినప్పుడు ఆయన అక్కడ ఉండడు. అందుకే యజమాని ఫోనులో ఒక వీడియో తీసి ఉంచితే అది ఏ స్కానరు రిపోర్టుకన్నా విలువైనది. తాళం తిప్పినప్పటి చప్పుడు, డ్యాష్‌బోర్డు దీపాలు మసకబారాయా లేదా, ఇంజను దీపం వెలిగిందా, తాళం బొమ్మ దీపం మినుకుమందా, ఇవన్నీ అందులో దొరుకుతాయి.

"హెడ్‌లైట్లు బాగానే వెలుగుతున్నాయి, కాబట్టి బ్యాటరీలో లోపం లేదు" అన్నంత తప్పుడు తీర్మానం ఈ రంగంలో మరొకటి లేదు. టెస్ట్ ల్యాంపు కూడా ఇలాగే మోసం చేస్తుంది. లెక్క చూస్తే ఎందుకో తెలుస్తుంది. పాచిపట్టిన టెర్మినల్ దగ్గర 0.02 ఓమ్‌ల అడ్డు ఏర్పడిందనుకుందాం. ఐదు వాట్ల బల్బుకు అర ఆంపియరు కూడా అక్కర్లేదు. ఆ కొద్దిపాటి కరెంటుకు ఆ జాయింటు దగ్గర పోయేది వోల్టులో వందో వంతు. బల్బు దేదీప్యమానంగా వెలుగుతుంది. అదే జాయింటు గుండా సెల్ఫ్ మోటారు వంద ఆంపియర్లు లాగితే అక్కడే రెండు వోల్టులు మాయం. చిన్న కారు సెల్ఫ్ కూడా మొదటి క్షణంలో వందకు పైనే లాగుతుంది. ఓమ్ మీటరు పెట్టినా ఇంతే: నలభై పోగుల కేబుల్‌లో ఒక్క పోగు మిగిలినా అది "కనెక్షన్ ఉంది" అనే చెబుతుంది.

కాబట్టి సెల్ఫ్ తిప్పుతూనే కొలవాలి. బ్యాటరీ తీరిగ్గా ఉన్నప్పుడు 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12 దగ్గరుంటే దాదాపు ఖాళీ. సెల్ఫ్ తిరుగుతుండగా 9.6 కన్నా దిగిపోతే బ్యాటరీని అనుమానించాలి. ఇంజను నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి, లేకపోతే డైనమో వంతు. అసలు రహస్యం చెప్పేది దీని తర్వాతి పరీక్ష. మీటరు ఒక కొనను బ్యాటరీ నెగెటివ్ పోల్ మీద, రెండో కొనను ఇంజను లోహం మీద పెట్టి సెల్ఫ్ తిప్పాలి. 0.2 వోల్టు దాటితే ఎర్త్ సరిగా లేదు. అలాగే పాజిటివ్ పోల్ నుంచి సెల్ఫ్ పెద్ద బోల్టు దాకా కొలిస్తే అర వోల్టు దాటకూడదు. ఐదు నిమిషాల పని, ఐదు వందల మీటరు చాలు. పాత కార్లలో ఇంజనుకూ బాడీకీ మధ్య ఉండే అల్లిక ఎర్త్ పట్టీని ఎవరూ పట్టించుకోరు. తుప్పు పట్టిన ఆ పట్టీ ఎన్ని మంచి సెల్ఫ్ మోటార్లను పాత సామాను కొట్లకు పంపించిందో!

జంపర్ కేబుల్ పెట్టగానే స్టార్టయితే బ్యాటరీ దోషమని తేల్చేయడం కూడా తొందరపాటే. క్లిప్పు బిగించేటప్పుడు టెర్మినల్ కదిలి ఉండొచ్చు, ఆ కదలికే వైద్యమై ఉండొచ్చు. ఏది చేస్తే బండి లేచిందో రాసుకోవాలి గానీ, దాన్నే కారణంగా రాసుకోకూడదు. తోసి స్టార్టు చేస్తే అందుకుందంటే మాత్రం నిప్పూ పెట్రోలూ బాగున్నాయని, గొడవ సెల్ఫ్ వైపే ఉందని ధైర్యంగా అనుకోవచ్చు.

వాడకుండా సెల్లారులో నిలిపిన కార్లది వేరే కథ. పిల్లలు విదేశాల్లో ఉండి, పెద్దవాళ్లు నెలకోసారి గుడికో ఆసుపత్రికో తీసే కార్లు మన అపార్ట్‌మెంట్లలో బోలెడు. తాళం తీసేశాక కూడా గడియారం, అలారం వంటివి కొంత కరెంటు తాగుతూనే ఉంటాయి. 50 మిల్లీ ఆంపియర్ల దాకా పర్వాలేదంటారు. అంత మాత్రానికే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు పోతాయి. చిన్న కార్లలో ఉండే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ రెండు వారాల్లో సగానికి దిగుతుంది. బయట బిగించిన మ్యూజిక్ సిస్టమ్ 200 మిల్లీ ఆంపియర్లు లాగితే వారానికే ఖాళీ. ఈ కారు "అప్పుడప్పుడు" మొరాయించడం లేదు. లెక్క ప్రకారమే మొరాయిస్తోంది.

అప్పుడప్పుడు రోగాల్లో పెద్ద భాగం వేడిది. రామగుండం, రెంటచింతల వైపు మే నెలలో బయటే 45 డిగ్రీలు దాటితే బానెట్ కింద ఎంతుంటుందో ఊహించవచ్చు. పైగా ఇంజను ఆపిన వెంటనే అక్కడ వేడి తగ్గదు, పెరుగుతుంది. ఎదురుగాలి ఉండదు, నీళ్ల ప్రవాహం ఆగిపోతుంది, ఇనుము దాచుకున్న వేడంతా చుట్టూ ఉన్న వస్తువులకు ఎక్కుతుంది. ఇంజను ఆపి పది, ఇరవై నిమిషాలు గడిచిన సమయమే అన్నిటికన్నా చెడ్డది. టీ తాగి వచ్చేసరికి బండి మొండికేయడానికి కారణం ఇదే.

వేడికి రాగి వైరు అడ్డు డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. సోలినాయిడ్ చుట్ట 30 డిగ్రీల నుంచి 110కి వెళితే అడ్డు 31 శాతం పెరిగి, కరెంటు నాలుగో వంతు తగ్గుతుంది. తాళం స్విచ్చి అరిగిపోయి అక్కడే ఒక వోల్టు పోతుంటే చల్లని పూట ఎలాగో లాగిన సోలినాయిడ్ వేడి పూట చేతులెత్తేస్తుంది. కొత్త సెల్ఫ్ వేస్తే కొన్ని నెలలు బాగుంటుంది, మళ్లీ మొదలు. రిలే ఒకటి మధ్యలో పెట్టి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇస్తే తీరిపోతుంది. ఇంజను వెనకా తాళం ముందూ ఉండే పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కు ప్రపంచమంతటా చేసే వైద్యం ఇదే.

వేడికి విడిపోయి చల్లారాక కలిసే అతుకులు ఎలక్ట్రానిక్స్‌లో మరీ ఎక్కువ. 1980లు, 90ల నాటి హోండా కార్లలో డ్యాష్‌బోర్డు కింద ఉండే మెయిన్ రిలే దీనికి పేరుమోసింది. ఎండకు కారు లోపల కాగిపోతే లోపలి సోల్డరు చిట్లి, పెట్రోలు పంపుకు కరెంటు ఆగిపోయేది. అద్దాలు దించి కాసేపు ఆగితే స్టార్టయ్యేది. ఆ రిలే విప్పి మళ్లీ సోల్డరు చేస్తే చాలు. ఫోర్డ్ 1983 నుంచి 1995 దాకా చాలా మోడళ్లలో ఇగ్నిషన్ మాడ్యూల్‌ను డిస్ట్రిబ్యూటర్ మీదే బిగించింది, అంటే ఇంజను వేడి నేరుగా తగిలేచోట. వేడెక్కితే ఇంజను ఆగిపోవడం, చల్లారితే మళ్లీ అందుకోవడం, షెడ్డులో పరీక్షిస్తే ఏ లోపమూ కనపడకపోవడం. ఈ గొడవ కోర్టుకెక్కి, 2000లో కాలిఫోర్నియా జడ్జి ఒకరు లక్షల కార్లను రీకాల్ చేయమన్నారు. మరుసటి ఏడాది కంపెనీ రాజీకి వచ్చింది. అన్నేళ్లు ఆ కార్ల యజమానులకు షెడ్లలో వినిపించిన జవాబు ఏమై ఉంటుందో మనకు తెలుసు: బండిలో ఏమీ లేదు సార్.

మన కార్లలో ఈ పాత్ర ఎక్కువగా క్రాంక్ సెన్సర్‌ది. సెల్ఫ్ జోరుగా తిరుగుతుంది, ఇంజను అందుకోదు. ఆ సెన్సర్ సంకేతం లేకపోతే కంప్యూటర్‌కు ఇంజను తిరుగుతున్న సంగతే తెలియదు, కాబట్టి నిప్పూ ఇవ్వదు, పెట్రోలూ ఇవ్వదు. సెల్ఫ్ తిప్పుతున్నప్పుడు ఆర్‌పీఎం ముల్లు కొంచెమైనా కదులుతోందో లేదో చూడటం చాలా కార్లలో మంచి ఆనవాలు. అనుమానం ఉంటే మొండికేసిన సమయంలో సెన్సర్ మీద చన్నీళ్లు పోసి చూస్తారు. వెంటనే అందుకుంటే దొంగ దొరికినట్టే. కార్బరేటర్ బళ్ల రోజుల్లో వేడికి పెట్రోలు గొట్టాల్లోనే ఆవిరై పంపు ఆడకపోతే తడిగుడ్డ చుట్టేవారు, అదీ ఇలాంటి పరీక్షే. కాకపోతే అప్పట్లో దాన్ని వైద్యమనే అనుకునేవారు.

పెట్రోలు పంపు సంగతి చెవితో తేల్చవచ్చు. ఎంపీఎఫ్‌ఐ (కార్బరేటర్ లేని) కారులో తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద రెండు క్షణాలు జుయ్‌మని వినిపించాలి. వినిపించకపోతే పంపో, రిలేనో, ఫ్యూజో. ట్యాంకు అడుగున అరచేత్తో తట్టితే పంపు ఆడిందంటే దాని బ్రష్షులు ఆఖరి దశలో ఉన్నాయి. వానాకాలం మాత్రమే వచ్చే రోగమైతే డెల్కో (డిస్ట్రిబ్యూటర్) మూత, ప్లగ్గులకు వెళ్లే హెచ్‌టీ వైర్లు. చీకట్లో బానెట్ ఎత్తి, కొద్దిగా నీళ్లు చిలకరించి సెల్ఫ్ తిప్పితే నిప్పురవ్వలు ఎక్కడెక్కడికి దూకుతున్నాయో కంటికే కనిపిస్తుంది. డీజిల్ బళ్లలో పొద్దున పూట మాత్రమే ఇబ్బందంటే రాత్రంతా గొట్టాల్లోకి ఎయిర్ పట్టి ఉంటుంది, లేదా హీటర్ ప్లగ్గులు పోయి ఉంటాయి.

విదేశీ రిపేరు పుస్తకాల్లో దొరకని అధ్యాయం ఒకటి మనకుంది: కంపెనీ గేటు దాటాక కారుకు తగిలించినవి. సెంట్రల్ లాక్, అలారం, ఎల్‌పీజీ కిట్టు, ఫాగ్ ల్యాంపులు, హారన్లు. అలారం పెట్టినవాడు ఇగ్నిషన్ వైరు కత్తిరించి ఒక చవక రిలే మధ్యలో పెడతాడు. ఎల్‌పీజీ కిట్టువాడు పెట్రోలు పంపు వైరును మరో రిలే గుండా తిప్పుతాడు. అతుకులన్నీ చేత్తో మెలిపెట్టి టేపు చుట్టినవే. పదేళ్లకు ఆ టేపు జిగురు కారిపోతుంది, రాగి నల్లబడుతుంది. నా అంచనాలో పదిహేనేళ్లు దాటిన మన కార్లలో అంతుచిక్కని స్టార్టింగ్ రోగాలకు కంపెనీ పార్టులకన్నా ఈ అతుకులే ఎక్కువ కారణం. వాడని అలారాన్ని పూర్తిగా పీకేసి వైరింగ్‌ను మొదటి రూపానికి తేవడం ఏ పార్టు మార్చడం కన్నా ముందు చేయాల్సిన పని. ఇక వైర్లు కొరికే ఎలుకలు. వాటి గురించి చెప్పాలంటే మరో వ్యాసం కావాలి.

స్కానరు మీద మనవాళ్లకు భక్తి పెరిగింది. ఓబీడీ, అంటే కారు తన లోపాలను తానే కోడ్‌లుగా నమోదు చేసే ఏర్పాటు, మన దేశంలో తప్పనిసరి కావడం 2010 ఏప్రిల్‌లో బీఎస్-4 కాలుష్య ప్రమాణాలతోనే మొదలైంది. అంతకుముందు కార్లలో సాకెట్ ఉన్నా కంపెనీ సొంత యంత్రం తప్ప మామూలు స్కానరు చదవలేకపోవచ్చు. కొన్నిట్లో చెక్ ఇంజన్ దీపం ఎన్నిసార్లు మినుకుతుందో లెక్కపెట్టి కోడ్ తెలుసుకోవాల్సిందే. అన్నీ కుదిరినా కంప్యూటర్ తాను కాపలా కాసే తీగల గురించే చెప్పగలదు. బ్యాటరీ కేబుల్, ఎర్త్ పట్టీ, సెల్ఫ్ బ్రష్షులు దాని కంటికే ఆనవు. "కోడ్ ఏమీ లేదు" అన్న రిపోర్టును "లోపం లేదు" అని చదవడం పొరపాటు.

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు మింగేది పార్టు మార్చి చూసే పద్ధతి. ఎప్పుడూ ఉండే రోగానికి అది నెమ్మదైనా నిజాయితీ గల పరీక్షే: మారిస్తే పోయిందా, లేదా? వచ్చిపోయే రోగానికి మాత్రం దాని జవాబు నమ్మలేం. సగటున ఇరవై స్టార్టులకు ఒకసారి మొరాయించే కారు అసలు ఏ రిపేరూ చేయకుండానే వరసగా పదిసార్లు స్టార్టయ్యే అవకాశం 60 శాతం. పార్టు మార్చి, పదిసార్లు తిప్పి, "సెట్ అయిపోయింది" అంటే అది బొమ్మాబొరుసు కన్నా కాస్త మెరుగైన మాట, అంతే. 95 శాతం నమ్మకం కావాలంటే దాదాపు అరవై స్టార్టులు వరసగా సాఫీగా జరగాలి. అదీ రోగం వచ్చే పరిస్థితుల్లో జరగాలి. ఎండలోనే వచ్చే రోగమైతే తెల్లవారుజాము స్టార్టులు లెక్కలోకే రావు.

మార్చిన పార్టు కూడా సాక్ష్యాన్ని చెరపగలదు. జనరల్ మోటార్స్ తాళం స్విచ్చి ఉదంతం ఇందుకు పెద్ద ఉదాహరణ. దారిలో తాళం తనంతట తాను జారి ఇంజను ఆగిపోయే ఆ స్విచ్చిని 2006 ప్రాంతంలో లోపల బలపరిచారు గానీ పార్టు నంబరు మార్చలేదు. దాంతో ఏ కారులో ఏ స్విచ్చి ఉందో దర్యాప్తుదారులకే అర్థం కాలేదు. 2014లో రీకాల్ జరిగేనాటికి ఆలస్యమైపోయింది. ఆ లోపానికి 124 మరణాలను నష్టపరిహార నిధి అంగీకరించింది. మన షెడ్లలోనూ మార్చిన పాత పార్టును యజమాని అడిగి తీసుకోవాలి. రోగం తిరగబెడితే ఆ పార్టు నిర్దోషి అని రుజువవుతుంది, మళ్లీ వాడుకోవచ్చు.

మెకానిక్‌ను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. మనం పార్టుకు డబ్బిస్తాం, వెతికినందుకు ఇవ్వం. రెండు గంటలు కూర్చుని ఎర్త్ బోల్టు ఒకటి శుభ్రం చేసినవాడికి రెండు వందలిస్తూ కూడా "ఇంతేనా?" అంటాం. ఎనిమిది వేల పంపు వేసినవాడికి మాట్లాడకుండా చెల్లిస్తాం. ఇలాంటి బేరంలో రోగం వెతకడం ఆయనకు నష్టం. కారును నాలుగు రోజులు అక్కడే వదిలి, వెతికే సమయానికి ఇంత అని ముందే మాట్లాడుకుంటే చాలామంది మేస్త్రీల పనితీరు మారుతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చిన పద్ధతి వల పన్ని కూర్చోవడం. మూడు చిన్న ఎల్‌ఈడీ దీపాలు, వైర్లు, ఫ్యూజులు కలిపి కొన్ని వందల్లో అయిపోతుంది. ఒకదాన్ని సోలినాయిడ్ సన్న వైరుకు, ఒకదాన్ని కాయిల్ పాజిటివ్‌కు, ఒకదాన్ని పెట్రోలు పంపు వైరుకు కలిపి డ్యాష్‌బోర్డు మీద అతికించాలి. ఒక్కో వైరుకు ఫ్యూజు మరవకూడదు. పక్కనే వోల్టు మీటరు ఒకటి ఉంటే ఇంకా మంచిది. ఇక మామూలుగా తిరుగుతూ ఉండటమే. బండి మొండికేసిన రోజు భయపడనక్కర్లేదు, ఆ రోజు కోసమే ఇంత ఏర్పాటు. తాళం తిప్పి పట్టుకుని చూడాలి. మొదటి దీపం వెలగకపోతే తాళం స్విచ్చి వైపు వెళ్లాలి. అది వెలిగి సెల్ఫ్ తిరగకపోతే మీటరు వంక చూడాలి: 12 దగ్గరే నిలిస్తే సోలినాయిడ్, బ్రష్షులు లేదా పెద్ద కేబుళ్లు, ఎర్త్, 8కి పడిపోతే బ్యాటరీ లేదా దాని టెర్మినళ్లు. సెల్ఫ్ తిరుగుతూ రెండో దీపం ఆరితే ఇగ్నిషన్ ఫ్యూజు, రిలే, అలారం అతుకులు. మూడోది ఆరితే పంపు రిలే లేదా ఎల్‌పీజీ వైరింగ్, లేదా క్రాంక్ సెన్సర్ మూగబోయి కంప్యూటర్ పంపును ఆపేసి ఉండాలి. మూడూ వెలిగి, సెల్ఫ్ జోరుగా తిరుగుతున్నా అందుకోకపోతే దీపాల పని అయిపోయినట్టే. అప్పుడు ప్లగ్గు విప్పి నిప్పు చూడాలి, పెట్రోలు గొట్టానికి ప్రెషర్ గేజ్ పెట్టాలి, తాళం బొమ్మ దీపం మినుకుతుంటే, అంటే కారు తాళంచెవిని గుర్తించకపోతే, రెండో తాళంతో ప్రయత్నించాలి. వాటన్నిటిలోనూ లోపం లేకపోతే టైమింగ్ బెల్టు పళ్లు దాటిందేమో విప్పి చూడాలి.